రైలు గోదావరి దాటే చప్పుడు

రాజమండ్రి దగ్గర రైలు గోదావరి మీదికి రాగానే పెట్టెలో సగం ఫోన్లు కిటికీల వైపు లేస్తాయి. ఇంటికెళ్ళాక ఆ వీడియో పెట్టి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి, వంతెన కమ్మీలు వెనక్కి పరిగెడతాయి. వినబడేది మాత్రం బుస్సుమనే గాలి, దాని వెనక ఒక రొద. వంతెన ఎక్కగానే చక్రాల గొంతు మారడం, పక్క సీటు పెద్దావిడ మనవడితో "గోదారి తల్లికి దండం పెట్టుకో నాన్నా" అనడం, వడలమ్మే అతను ఆ రొదను మించి కేకెయ్యడం మన చెవులతో మనం విన్నవే. రికార్డింగులో అవి ఉండవు. ఉన్నా ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేనట్టు కలిసిపోయి ఉంటాయి.

ఫోన్ మైకును తప్పుపట్టి లాభం లేదు. తన మీద పడిన ప్రతి కంపనాన్నీ అది రాసుకుంది. ఆ పని మన చెవి ఎప్పుడూ చెయ్యలేదు. చెవీ మెదడూ కలిసి ఆ క్షణంలోనే కొన్నింటిని ఏరుకుని, తక్కినవాటిని పక్కకు నెట్టేశాయి. జ్ఞాపకంలో మిగిలింది ఆ ఏరుకున్న భాగమే. కాబట్టి ఒక ప్రయాణాన్ని శబ్దంతో మళ్ళీ గుర్తుకు తెచ్చుకోవాలంటే రికార్డు చేసింది చేసినట్టు వినిపిస్తే సరిపోదు. చెవి ఏరినట్టు ఏరి, మనసు పేర్చినట్టు పేర్చాలి. అలా పేర్చినదాన్ని సౌండ్‌స్కేప్ అంటున్నారు. ఇక్కడ ధ్వనిచిత్రం అందాం. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం విని పెరిగిన తరానికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. తెర లేకుండానే, కుదించిన సౌండ్‌ట్రాక్‌తో, సినిమా మొత్తం వాళ్ళ కళ్ళ ముందు నడిచేది.

మెదడు ఎంత నిర్దాక్షిణ్యంగా ఏరుతుందో 1953లో కోలిన్ చెర్రీ అనే పరిశోధకుడు చేసి చూపించాడు. హెడ్‌ఫోన్లు పెట్టి ఒక చెవిలో ఒక పాఠం, రెండో చెవిలో మరో పాఠం వినిపించాడు. ఒక చెవిలోది వింటూ వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. తర్వాత రెండో చెవి సంగతి అడిగితే, మగగొంతు ఆడగొంతుగా మారిందని చెప్పగలిగారు గానీ అందులో ఏం చెప్పారో చెప్పలేకపోయారు. మధ్యలో భాష మారిన సంగతి కూడా పట్టలేదు. రైలుపెట్టెలో మనం చేసేదీ ఇదే. ఫ్యాను గిరగిర, గాలి, పై బెర్తులో గురక, అన్నీ చెవిలో పడుతూనే ఉంటాయి. మనం మాత్రం ఎదుటి మనిషి మాట వింటూ ఉంటాం.

ఈ ఏరివేతకు రెండు చెవులూ ఉండటం బాగా సాయపడుతుంది. పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవిని తాకిన తర్వాత దూరపు చెవిని చేరడానికి సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీ సెకన్లు పడుతుంది. అంత చిన్న తేడాను పట్టుకుని మెదడు శబ్దం ఎటునుంచి వచ్చిందో తేల్చేస్తుంది. సన్నని, పై స్థాయి శబ్దాల విషయంలో తల అడ్డుపడి దూరపు చెవికి కొంచెం తక్కువగా వినిపించడం మరో ఆధారం. దిక్కు తెలిస్తే విడదీయడం తేలిక. ఒకే మైకుతో పట్టినప్పుడు ఆ దిక్కులన్నీ ఒక్క చుక్కలోకి కుదించుకుపోతాయి. అందుకే ఈ పని చేసేవాళ్ళు కనీసం రెండు మైకులు వాడతారు. ఫ్రెంచ్ రేడియో వాళ్ళు స్థిరపరచిన పద్ధతిలో రెండు మైకుల మధ్య దూరం 17 సెంటీమీటర్లు, వాటి మధ్య కోణం 110 డిగ్రీలు. ఆ 17 సెంటీమీటర్లు మన చెవుల మధ్య దూరానికి దగ్గరే.

రికార్డు చేసిన శబ్దంతో కళ చెయ్యడం రైలుతోనే మొదలైందనడం పెద్ద అతిశయోక్తి కాదు. పారిస్ రేడియోలో ఇంజనీరుగా పనిచేస్తున్న పియెర్ షెఫర్ 1948లో బతిన్యోల్ స్టేషనుకు వెళ్ళి ఆవిరి ఇంజన్ల కూతలు, చక్రాల చప్పుళ్ళు డిస్కుల మీదికి ఎక్కించుకొచ్చాడు. వాటిని ముక్కలు చేసి, తిరగేసి, మళ్ళీ మళ్ళీ వినిపించి ఒక కూర్పు తయారుచేశాడు. అదే ఏడాది అక్టోబరు 5న అది రేడియోలో ప్రసారమైంది. అయితే షెఫర్ ఆశించింది మన పనికి పూర్తిగా వ్యతిరేకం. వినేవాళ్ళు రైలును మరిచిపోయి శబ్దాన్ని శబ్దంగా వినాలని ఆయన కోరిక.

మనకు దారి చూపినవాడు స్వరకర్త లూక్ ఫెరారీ. క్రొయేషియాలోని కోర్చులా ద్వీపంలో వేలా లూకా అనే చేపల రేవు ఉంది. 1960ల చివర్లో అక్కడ ఉన్నప్పుడు ఆయన రోజూ తెల్లవారుజామున మైకు పెట్టి రికార్డు చేసేవాడు. పడవ ఇంజను, గాడిద, సైకిలు, ఆడవాళ్ళ మాటలు, ఎండెక్కేకొద్దీ పెరిగే కీచురాళ్ళు. ఎన్నో తెల్లవారుజాముల్ని కలిపి ఇరవై నిమిషాల ఒకే ఉదయంగా 1970లో వెలువరించాడు. వింటే ఎక్కడా అతుకు తెలియదు. ఎవరో మైకు పెట్టి మరిచిపోయినట్టే ఉంటుంది. నిజానికి అందులో ప్రతి నిమిషం ఏరి పేర్చినదే. నా దృష్టిలో ప్రయాణ జ్ఞాపకాన్ని శబ్దంలో నిలిపే ప్రయత్నాల్లో దానికి మించింది లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు బ్రిటిష్ సౌండ్ రికార్డిస్టు క్రిస్ వాట్సన్, బీబీసీ టీవీ కార్యక్రమం కోసం మెక్సికోను ఒక తీరం నుంచి మరో తీరానికి దాటే రైల్లో తిరుగుతూ పట్టిన శబ్దాలను గంట నిడివికి కూర్చి 2011లో విడుదల చేశాడు. అప్పటికే ఆ దారిలో ప్రయాణికుల రైలు ఆగిపోయింది. ఆల్బం పేరులోనే దెయ్యం రైలు అని పెట్టుకున్నాడు.

ఇక గోదావరి సంగతికి వద్దాం. ఇక్కడ రైలు వంతెనలు మూడు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగిపోయాయి. 1974 నాటి వంతెనలో పైన రోడ్డు, కింద పట్టాలు. అంటే రైలు ఉక్కు కమ్మీల పంజరం లోపలినుంచి పోతుంది. 1997లో వచ్చింది కాంక్రీటు ఆర్చీల వంతెన. పాత వంతెన పోగా మిగిలిన ఈ రెండింటి మీదా రైళ్ళు నడుస్తున్నాయి. ఏటి నీరు ఒకటే అయినా రెండు వంతెనల చప్పుడూ ఒకటి కాదు. నేల మీద పోతున్నప్పుడు చక్రాలు పుట్టించే కంపనాన్ని కంకర, మట్టి చాలావరకు మింగేస్తాయి. ఉక్కు వంతెన మీద ఆ కంపనం నేరుగా గర్డర్లలోకి పాకుతుంది. ఉక్కుకు కంపనాన్ని తనలో అణచుకునే గుణం తక్కువ, పైగా ఆ పలకల వైశాల్యం ఎక్కువ. వంతెన మొత్తం మోగుతుంది. దానికి తోడు కిటికీ పక్కనుంచి వెనక్కి పోయే ఒక్కో నిలువు కమ్మీ రైలు చప్పుడును తిప్పికొడుతుంది. కమ్మీ ఎదురైనప్పుడు హోరు పెరగడం, ఖాళీ వచ్చినప్పుడు తగ్గడం ఒక లయలో సాగుతుంది. కాంక్రీటు వంతెన బరువైనది, అంత సులువుగా కంపించదు. దాని మీద గొంతు మారుతుంది గానీ గర్జించదు. అందుకని ఏ వంతెన మీద వెళ్ళారో తెలియకుండా, ఎక్కడో దొరికిన వంతెన చప్పుడు తెచ్చి అతికిస్తే ఆ దారి తెలిసిన చెవి వెంటనే పట్టేస్తుంది.

కాంక్రీటు వంతెన పొడవు 2.7 కిలోమీటర్లకు పైనే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దాటడానికి రెండు నిమిషాల 42 సెకన్లు కావాలి. ధ్వనిచిత్రంలో ఆ రెండు నిమిషాల 42 సెకన్లూ పెడితే అరనిమిషం తర్వాత వినేవాడి మనసు ఎటో పోతుంది. మార్పు లేని శబ్దాన్ని చెవి త్వరగా వదిలేస్తుంది. జ్ఞాపకంలో వంతెన ఎంతసేపుందో ఆలోచించండి. ఎక్కిన క్షణం ఉంది, మధ్యలో ఒక మాటో, విసిరిన నాణెమో ఉంది, నేల మీదికి దిగిన క్షణం ఉంది. ఈ మూడూ ఉంటే నలభై సెకన్లలో గోదావరి దాటొచ్చు. ఎక్కే క్షణమే అన్నిటికన్నా కీలకం. దానికి ముందు రెండు మూడు సెకన్లు నేపథ్యాన్ని కొంచెం పలచబరిస్తే వంతెన హోరు దానంతటదే పెద్దదిగా వినిపిస్తుంది. వాల్యూం పెంచనక్కర్లేదు.

సరిగ్గా ఈ క్షణాన్నే ఫోన్ పాడుచేస్తుంది. చాలా ఫోన్లలో శబ్దం తగ్గితే తనంతట తాను పెంచి, పెరిగితే తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఫోన్ మాట్లాడేటప్పుడు అది మేలే. వంతెన ఎక్కినప్పుడు మాత్రం హోరు పెరగగానే ఫోన్ దాన్ని అణిచేస్తుంది, ఎక్కకముందూ ఎక్కిన తర్వాతా ఒకే మట్టంలో ఉండిపోతుంది. ఇంకో ఏర్పాటు రొదను తుడిచేసి మనిషి గొంతును నిలబెడుతుంది. మనకు కావలసిన చక్రాల చప్పుడు దాని లెక్కలో తుడిచెయ్యాల్సిన రొద. ఈ రెండింటినీ ఆపుకునే వీలున్న రికార్డింగ్ యాప్ వాడి, వేవ్ ఫైలుగా దాచాలి. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దాన్ని పట్టాలంటే సెకనుకు 40,000 కన్నా ఎక్కువసార్లు కొలవాలి కాబట్టి 48,000 పెట్టుకుంటే చాలు. 24 బిట్ల లోతుతో రెండు చానళ్ళలో నిమిషానికి 17 మెగాబైట్లు పైచిలుకు అవుతుంది. గరిష్ఠ మట్టం కంటే 12 డెసిబెల్‌లు కిందుగా ఉంచుకుంటే హఠాత్తుగా కూత వచ్చినా శబ్దం పగలదు.

గాలి మరో శత్రువు. బుస్సుమని వినబడేది చాలావరకు మైకు పొర మీద గాలి సుడులు తిరగడం వల్ల అక్కడికక్కడే పుట్టినదే. అరవై కిలోమీటర్ల వేగంతో పోయే రైలు కిటికీలో మైకు పెడితే ఏ స్పాంజీ తొడుగూ కాపాడదు. రెండు సీట్లు లోపలికి జరిగితే గాలి పోతుంది, చప్పుడు ఉంటుంది. తలుపు దగ్గర చప్పుడు బాగుంటుందని మెట్ల మీద వేలాడుతూ రికార్డు చేసే పని మాత్రం పొరపాటున కూడా చెయ్యొద్దు. ఏ శబ్దమూ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

నేపథ్యానికి చక్రాల లయ కావాలి కదా. మన పాత పట్టా ఒక్కోటి 13 మీటర్లు. అతుకు దగ్గర చక్రం పడి లేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 0.78 సెకనుకో అతుకు వస్తుంది. మన కింద ఉన్న చక్రాల చట్రానికి, అంటే బోగీకి, రెండు ఇరుసులు. పెరంబూరు ఐసీఎఫ్ నమూనా పెట్టెల్లో వాటి మధ్య దూరం సుమారు 2.9 మీటర్లు. అందుకే ఒక్కో అతుకు దగ్గర రెండు దెబ్బలు, 0.17 సెకను ఎడంతో. టక-టక్, కాస్త ఆగి మళ్ళీ టక-టక్. ఇందులోంచి ఒక చక్కని లెక్క పుడుతుంది. 13 మీటర్ల పట్టాల మీద 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటితే రైలు వేగం గంటకు దాదాపు అన్ని కిలోమీటర్లు. ధ్వనిచిత్రంలో చక్రాల శబ్దాన్ని పొడిగించడానికి ముక్కను మళ్ళీ మళ్ళీ వాడుకోవాల్సి వస్తే సరిగ్గా ఈ లయ దగ్గరే కొయ్యాలి. రెండు దెబ్బల మధ్య కోస్తే రైలు కుంటుతుంది. ఎందుకు కుంటిందో వినేవాళ్ళు చెప్పలేకపోవచ్చు గానీ ఏదో తేడా ఉందని ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు వడలమ్మే మనిషిని తీసుకురండి. అతను పెట్టె చివర ఉన్నప్పుడు కేక ముద్దగా వినిపిస్తుంది. మన దగ్గరికి వచ్చేకొద్దీ అక్షరాలు విచ్చుకుంటాయి. కారణం తరంగాల పొడవు. 100 హెర్ట్జ్ శబ్దం అల పొడవు 3.4 మీటర్లు, కాబట్టి అది బెర్తుల అడ్డుగోడల్ని చుట్టి వచ్చేస్తుంది. "స", "చ" లాంటి అక్షరాల్లోని కరుకుదనం ఎన్నో వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 5,000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు ఏడు సెంటీమీటర్లే. అది అడ్డు దగ్గరే ఆగిపోతుంది. ఎడిటింగులో కొత్తవాళ్ళు కేకను చిన్నగా మొదలుపెట్టి క్రమంగా వాల్యూం పెంచుతారు. అప్పుడు మనిషి నడిచి రాడు, ఎవరో రేడియో పెంచినట్టుంటుంది. మొదట పై స్థాయిలను కత్తిరించి, అతను దగ్గరవుతున్నకొద్దీ ఆ కత్తిరింపును తెరుస్తూ పోతే, వాల్యూం కొంచెమే పెరిగినా, మనిషి నడిచొచ్చి మన సీటు దగ్గర నిలబడతాడు.

ఎదురు రైలు కూతలో ఉన్న సంగీతం చెప్పకుండా ముందుకు పోలేను. స్టేషనులో మనం నిలబడి ఉండగా ఒక రైలు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో కూత వేస్తూ దాటిపోతే, వస్తున్నప్పటి శ్రుతికీ పోతున్నప్పటి శ్రుతికీ నిష్పత్తి 1.16. అంటే కూత చతుశ్రుతి రిషభం నుంచి షడ్జానికి దిగిన దానికన్నా కాస్త ఎక్కువ, సాధారణ గాంధారం నుంచి దిగిన దానికన్నా తక్కువ జారుతుంది. మనం కూర్చున్న రైలు కూడా అదే వేగంతో ఎదురుగా పోతుంటే నిష్పత్తి 1.34 అవుతుంది. శుద్ధ మధ్యమం 1.333. రెండు రైళ్ళు ఒకదాన్నొకటి దాటుకునే ఆ క్షణంలో కూత దాదాపు కచ్చితంగా మధ్యమం నుంచి షడ్జానికి పడిపోతుందన్నమాట. కాబట్టి ప్లాట్‌ఫాం మీద నిలబడి పట్టిన కూతను కదిలే రైలు దృశ్యంలో పెడితే ఆ జారుడు చాలదు.

ఇదంతా శబ్దం నమ్మదగినదిగా ఉండటానికి. జ్ఞాపకం కదలడానికి ఇంకొకటి కావాలి. 1973లో ఎండెల్ టుల్వింగ్, డోనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సూత్రం చెప్పారు. ఒక విషయం మనసులోకి ఎక్కినప్పుడు దానితోపాటు ఏ ఆనవాళ్ళు ఎక్కాయో, ఆ ఆనవాళ్ళే తర్వాత దాన్ని బయటికి లాగగలవు. దీనితో ముడిపడిన మరో సంగతి, ఒకే ఆనవాలు ఎన్ని ఎక్కువ జ్ఞాపకాలకు అతుక్కుంటే ఏ ఒక్కదాన్నీ అంత బలహీనంగా లాగుతుంది. రైలు చప్పుడు మనం వందసార్లు విన్నాం. అది విన్నప్పుడు "రైలు" గుర్తొస్తుంది, ఆ రైలు గుర్తుకురాదు. ఆ రైలును తెచ్చేది ఆ ఒక్క ప్రయాణానికే చెందిన చప్పుడు. కిర్రుమంటూ ఒకవైపుకే తిరిగిన ఫ్యాను, బెర్తు కింద సూట్‌కేసుకు గొలుసు తాళం బిగించిన చప్పుడు, ఆ రోజు అమ్మ స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడు, పక్క సీటు కుర్రాడు నదిని చూసి అడిగిన పిచ్చి ప్రశ్న. కెనడాలో శబ్ద వాతావరణాల అధ్యయనాన్ని మొదలుపెట్టిన ముర్రే షేఫర్ ఒక చోటి శబ్దాలను విడదీస్తూ, నేపథ్య శ్రుతిలా నిలిచి ఉండేవీ, మనల్ని హెచ్చరించేవీ, ఆ చోటికే ప్రత్యేకమై గుర్తుగా నిలిచేవీ వేరువేరని చెప్పాడు. ఆయన బృందం 1973లోనే వాంకూవర్ నగరాన్ని శబ్దంతో చిత్రించి విడుదల చేసింది. ప్రయాణ ధ్వనిచిత్రానికి మూడో రకమే ప్రాణం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే రైలు శబ్దాలు ఎంత శుభ్రంగా ఉన్నా ఇందుకు పనికిరావు.

మరి ఇన్ని కోతలు, ఇన్ని అతుకులు పెట్టి దాన్ని నిజమనొచ్చా? ముర్రే షేఫర్ బృందంలో పనిచేసిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1989లో చేసిన ఒక కూర్పులో దీన్ని దాచకుండా ముందుపెట్టింది. వాంకూవర్ సముద్రపు ఒడ్డున రికార్డు చేస్తూ, వెనక ఉన్న నగరం హోరును స్టూడియోలో ఎలా పెంచొచ్చో, ఎలా మాయం చెయ్యొచ్చో తన గొంతుతోనే చెబుతూ వినిపించింది. నాణెం విషయంలో నాకు అదే కొలబద్ద. చాలాసార్లు వంతెన హోరులో నదిలోకి విసిరిన నాణెం కమ్మీకి తగిలిన చప్పుడు మైకుకు అందదు. నిజంగా మన పెట్టెలో ఎవరో నాణెం వేసి ఉంటే, ఆ చిన్న ఖణేల్‌ను విడిగా రికార్డు చేసి పెట్టడంలో తప్పులేదు. ఎవరూ వెయ్యకపోతే పెట్టకూడదు. తోటి ప్రయాణికుల సొంత మాటలు కూడా అంతే. ఇంట్లో వినడానికి ఉంచుకోండి, నలుగురికీ పంపేముందు వాళ్ళను అడగండి. అడగడం కుదరకపోతే ఆ మాటలు తీసేయండి.

తొందరపడాల్సిన అవసరమూ ఉంది. పట్టాలను పొడవుగా వెల్డింగు చేస్తున్నకొద్దీ ఆ టక-టక్ పోతోంది. అతుకు లేని పట్టా మీద రైలు జారినట్టు పోతుంది, లయ ఎక్కడో పట్టాలు విడిపోయే చోట మాత్రమే వినిపిస్తుంది. అద్దాలు బిగించిన ఏసీ పెట్టెల్లో గోదావరి కనిపిస్తుంది గానీ వినిపించదు. హేవలాక్ వంతెన మీద రైలు చప్పుడు వినాలంటే ఎవరో ఒకరు 1997కు ముందు రికార్డు చేసి ఉండాలి. మీ ఇంట్లో పాత క్యాసెట్లో పెళ్ళి ప్రయాణం మాటల వెనక అది ఉందేమో ఒకసారి వెతకండి.

ఈసారి గోదావరి దాటేటప్పుడు ఫొటో తీశాక ఫోన్‌ను ఒడిలో పెట్టుకుని మూడు నిమిషాలు రికార్డు చేయండి. ఆ మూడు నిమిషాలూ మీరు మాట్లాడకండి, చెయ్యి కదపకండి. తర్వాత దగ్గరి చప్పుళ్ళు ఒక్కోటి విడిగా, అరనిమిషం చొప్పున పట్టండి. ప్రతి రికార్డింగు చివర తేదీ, రైలు పేరు, ఏ వంతెనో మీ గొంతుతోనే చెప్పండి. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచి, కోతలన్నీ నకలు మీదే చేయండి.